కండక్టరు చదివిన నవల

నేను నవల రాస్తున్నానని తెలిసిన రోజున మా ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఎక్కినవాళ్లందరూ దిగాలి.

ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి ఆయన. తిరువూరు నుంచి విజయవాడ, విజయవాడ నుంచి తిరువూరు. ఏ స్టేజీలో ఎందరెక్కారు, ఎందరు దిగారు అన్నది గళ్ల కాగితం మీద రాసుకోవడం, ఆఖరి స్టేజీలో బస్సు ఖాళీ అయిందో లేదో సీటు సీటూ చూసుకోవడం ఆయన పని. ఎవరైనా మిగిలారంటే నిద్రపోతున్నారని అర్థం. భుజం తట్టి లేపి, సంచి చేతికిచ్చి దింపేవారు. కథలకైనా అదే పద్ధతి, ఎక్కించిన మనిషిని దారిలో వదిలేయకూడదని ఆయన నమ్మకం.

నేను సరేనని తలూపాను. అప్పటికే నా నవలలోని ముసలావిడ చివర్లో పరాయి దేశంలో చనిపోతుందని గట్టిగా అనుకుని ఉన్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. అబద్ధాలాడకూడదని ఇన్నేళ్లూ పిల్లలకు పాఠం చెప్పిన పంతులమ్మని నేను. ఇంట్లో మాత్రం ఆ పాఠాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ముందు నవల సంగతి చెప్పాలి. తండాలో పుట్టి పెరిగిన ఒక ముసలి లంబాడీ జంటకు విజయవాడ బట్టల షాపు లక్కీడ్రాలో మొదటి బహుమతి తగులుతుంది. బహుమతి విదేశీ యాత్ర. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు, ఇద్దరికీ నోరు మాత్రం ఉంది. వెళతారు, తిరుగుతారు, పోట్లాడుకుంటారు. అంతే కథ.

మేమిద్దరం కూడా లంబాడీలమే. మా తండా ఎ.కొండూరు వైపు గుట్టల కింద ఉంది. నాకు బళ్లో ఉద్యోగం వచ్చాక తిరువూరులో కాపురం పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. మా వీధిలో ఇప్పటికీ మమ్మల్ని "ఆ తండావాళ్లు" అనే అంటారు. తండాకు వెళితే "తిరువూరువాళ్లు వచ్చారు" అంటూ మంచం వాలుస్తారు. ఎక్కడికి వెళ్లినా పక్క ఊరివాళ్లమే. ఇలాంటివాళ్లను విమానమెక్కించి పంపితే అక్కడివాళ్లు ఏమంటారా అని ఒక కొంటె ఆలోచన వచ్చింది. ఇండియావాళ్లు అంటారు. ఆ మాట అనిపించుకోవడానికి అంత దూరం పోవాల్సి వచ్చిందే అని నా ముసలావిడ మొదటి పేజీలోనే నవ్వుతుంది. ప్రయాణమంటే మాకు భయమేమీ లేదు. మా తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు బస్తాలేసుకుని దేశాలు తిరిగినవాళ్లు. తిరగడం మాకు కొత్త కాదు, దానికి టికెట్టు కొనడమే కొత్త.

అయితే నేను గానీ ఆయన గానీ దేశం దాటింది లేదు. నాకు తెలిసిన విదేశమంతా ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరులో ఉంది. అందులో మే నెల పేజీ మీద మంచుకొండలు, ఒక సరస్సు, దాని ఒడ్డున చెక్క ఇళ్లు. బయట మెయిన్ రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంటే, నేను ఫ్యాను కింద కూర్చుని ఆ పేజీ చూస్తూ నా ముసలివాళ్లను చలికి వణికించేదాన్ని. నెల మారినా ఆ పేజీ తిప్పలేదు. జూన్‌లో పాలవాడి లెక్క రాసుకోవాలన్నా ఆయన గోడ వైపు చూసి విసుక్కునేవారు.

మొదటి అధ్యాయం ఆయన చేతికిచ్చాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కళ్లజోడు తుడుచుకుని, వేలు తడిచేసుకుని మొదలుపెట్టారు. చదవడం అయిన ప్రతి పేజీకీ మూల చిన్న మడత పెట్టారు. అది ఆయన చెకింగ్ చేసినట్టు గుర్తు. ఇంట్లో మేం మా భాషలోనే మాట్లాడుకుంటాం. దానికి లిపి లేదు కాబట్టి ఇక్కడ ఆయన మాటలు తెలుగులో రాస్తున్నాను. తెలుగులో మాట్లాడినా ఆయన ఇలాగే మాట్లాడతారు.

"బోర్డేదే దీనికి?" అన్నారు.

"ఏం బోర్డు?"

"ఏ దేశం పోతున్నారో ఎక్కడా రాయలేదు. మంచు దేశం అని రాశావు. బోర్డు లేని బస్సు ఎవరెక్కుతారు?"

దేశం పేరు చెప్పకపోతే గంభీరంగా ఉంటుందని నాకు చెప్పింది మా వీధి చివర ఉండే లెక్చరర్ గారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. చాలా చదివిన మనిషి. కానీ ఏ పుస్తకాన్నయినా అందులో ఎంతమంది పోయారన్నదాన్ని బట్టి మెచ్చుకుంటారు. నా నవల గురించి వినగానే ఆయన మొదట చెప్పిన మాట అదే. "ఆఖర్న ఎవరో ఒకరు పోవాలి మేడమ్. ఇద్దరూ క్షేమంగా వచ్చేస్తే అది యాత్ర అవుద్ది గానీ నవల అవదు."

ముసలావిడను చంపాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. తప్పు లెక్చరర్ గారి మీదకు నెట్టడం లేదు. ఆ ఆలోచన నాకు బాగా నచ్చింది. చదివినవాళ్లు పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ "అబ్బ, ఎంత బాగా రాసింది" అనుకుంటున్నట్టు ఊహించుకున్నాను. రిటైరైన పంతులమ్మకు ఆ మాత్రం ఆశ ఉండదా? దేశం పేరు విషయంలో మాత్రం మా ఆయనే గెలిచారు. స్విట్జర్లాండు అని రాశాను.

రెండో అధ్యాయానికి ఆయన అభ్యంతరాలు ఇంకా పెరిగాయి.

"లక్కీడ్రాలో మనకెప్పుడన్నా స్టీలు గిన్నైనా తగిలిందా?"

"నవల కదండీ."

"నవలైతే మాత్రం? సరే, తగిలిందనుకో. పొద్దున విమానం ఎక్కారు, సాయంత్రం దిగారు. మధ్యలో బండి ఎక్కడా ఆగలేదు. అరవై దాటిన మనుషులు. ఒంటికి ఎక్కడికెళ్లారు?"

బాత్రూములు విమానంలోనే ఉంటాయని చెప్పాను. "మరి రాయలేదేం?" అన్నారు. "మైలవరంలో ఐదు నిమిషాలు ఆపకపోతే ఎంతమంది ముసలోళ్ల చేత తిట్లు తిన్నానో నీకేం తెలుసు?"

నేను కోపంగా లేచి వెళ్లిపోయాను. తర్వాత కూర్చుని ఆ ఘట్టం రాశాను. ముసలావిడకు ఆ బాత్రూము మడత తలుపు తెరవడం రాదు. ముసలాయన బయట నిలబడి తలుపు మీద కొట్టి "రైట్ రైట్" అంటాడు. అరపేజీ రాద్దామనుకుంటే మూడు పేజీలైంది. లెక్చరర్ గారు ఇది అనవసరం అన్నారు. చదివిన మిగతా అందరూ నవ్వింది అక్కడే.

నాలుగో అధ్యాయం దగ్గర మాత్రం మేమిద్దరం నిజంగానే పోట్లాడుకున్నాం. కొండ మీదికి వెళ్లే రైల్లో ముసలావిడ కిటికీ పక్కన కూర్చుని, భర్త కోసం పక్క సీట్లో తన సంచి పెడుతుంది. ఆ పేజీకి ఆయన రెండు మడతలు పెట్టారు.

"ఇది తీసెయ్. సంచి పెట్టి సీటు ఆపటం తప్పు. సీటు మనిషికి గానీ సంచికి కాదు."

ఈ విషయంలో ఆయన ఎంత మొండివారో మా తండాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కర్చీఫు, తువ్వాలు, కిటికీలోంచి విసిరిన చెప్పు, ఏది పెట్టి సీటు ఆపినా తీసి చేతికిచ్చేవారు. మా పెళ్లయిన కొత్తలో, ఆయన బస్సులోనే మా అమ్మ నాకోసం పక్కన మూట పెట్టి కూర్చుంది. అమ్మ అప్పుడు అద్దాల లంగా కట్టుకుని, మోచేతి పైదాకా తెల్లగాజులు వేసుకునే మనిషి. కొత్తల్లుడు కదా, చూసీచూడనట్టు పోతాడనుకుంది. ఆయన మూట తీసి అమ్మ ఒళ్లో పెట్టి, అక్కడ ఎవరో ముక్కూమొహం తెలియనామెను కూర్చోబెట్టి, నన్ను మైలవరం దాకా నిలబెట్టారు. మా అమ్మ బతికున్నంత కాలం ఈ కథ చెప్పింది. చెప్పినప్పుడల్లా అల్లుణ్ణి తలుచుకుని తిట్టేది, ఆఖర్న "నిక్కమైన మనిషి" అని ఒప్పుకునేది.

సంచి తీయనని నేను, తీయాలని ఆయన. మా భాషలో పోట్లాట ఇరుగుపొరుగుకు అర్థం కాదు, గొంతు మాత్రం వినపడుతుంది. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏమైందండీ టీచర్ గారూ?" అని అడిగింది. "సీటు దగ్గర గొడవండి" అన్నాను. ఆమె మా వరండాలో ఉన్న రెండు ఖాళీ కుర్చీల వైపు చూసి తల వెనక్కి తీసుకుంది. సంచి నవలలో అలాగే ఉండిపోయింది.

ఐదో అధ్యాయంలో ముసలివాళ్లు తాము బయల్దేరిన రోజును గుర్తుచేసుకుంటారు, దానికి విమానాశ్రయం కావాలి. క్యాలెండరులో విమానాశ్రయం లేదు. ఒకసారి కళ్లతో చూసొద్దామని ఆయన్ని బయల్దేరదీశాను. రిటైరైనవాళ్లకిచ్చే పాసు ఉంది, డబ్బాలో పులిహోర ఉంది. విస్సన్నపేట, నూజివీడు మీదుగా గన్నవరం. బస్సెక్కిన పది నిమిషాలకే ఆయన లేచి వెనక సీట్లో కుర్రాడి చేత సంచి తీయించి, నిలబడ్డ ఒక ముసలామెను కూర్చోబెట్టారు. ఆ బస్సు కండక్టరు ఈయన్ని ఎరిగినవాడే. "సార్, మీరు రిటైరయ్యారు, కూర్చోండి" అన్నాడు. ఈయన కూర్చున్నారు గానీ గన్నవరం దాకా మెడ వెనక్కే తిరిగి ఉంది.

విమానాశ్రయం తలుపు దగ్గర గార్డు ఆపేశాడు. టికెట్టు లేనిదే లోపలికి పోనివ్వనన్నాడు. టీచరునని, నవల రాస్తున్నానని, రెండు నిమిషాలు చూసొస్తానని నేను చెప్పుకుంటూ పోతున్నాను. మా ఆయన ఏదో ఒకటి గట్టిగా మాట్లాడతారని ఎదురుచూశాను. ఆయన గార్డు భుజం తట్టి, "కరెక్టు. నేనైనా ఎక్కనివ్వను" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

అలా అద్దాల తలుపు పక్కన నిలబడి నేను నోటుబుక్కులో రాసుకుంటుంటే, వెనకనుంచి ఎవరో మా భాషలో నన్ను పిలిచారు. చూస్తే మా పెద్దమ్మ కూతురు. దుబాయ్ వెళ్తున్న అల్లుడిని ఎక్కించడానికి వచ్చిందట. ఇద్దరం కలుసుకుని నాలుగేళ్లు దాటింది. మధ్యలో మా పెద్దమ్మ పోయింది, అప్పుడు నేను ఆసుపత్రిలో ఉండి వెళ్లలేకపోయాను.

మాలో ఆడవాళ్లు చాలా రోజులకు కలిస్తే పలకరింపు మాటలతో మొదలవదు. మెడలు వాటేసుకుని, రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపులోనే అన్నీ చెప్పుకుంటారు. ఎన్నాళ్లకు కనపడ్డావు అక్కా, నీ తల నెరిసిందే, మన పెద్దది మనల్ని విడిచిపోయిందే, నీ కోడలు నీళ్లోసుకుందటగా. దుఃఖమూ సంతోషమూ అందులో విడివిడిగా ఉండవు. కళ్లనీళ్లు నిజంగానే వస్తాయి. అయిపోయాక ముక్కు తుడుచుకుని మంచినీళ్లు తాగి మామూలు కబుర్లలో పడతారు. నేను బియ్యీడీ చదివిన దాన్నే అయినా అక్క మెడ దొరికితే రాగం దానంతటదే వచ్చేస్తుంది.

మేం మొదలుపెట్టాం. గన్నవరంలో మొదలైతే నూజివీడులో వినపడే గొంతులు మావి. జనం పోగయ్యారు. సామాన్ల బండ్లు ఆగిపోయాయి. సూటు వేసుకున్న ఒకాయన ఫోనులో "ఇక్కడ ఎవరో పోయినట్టున్నారు, తర్వాత మాట్లాడతా" అన్నాడు. ఒక పెద్దావిడ వచ్చి నా వీపు నిమురుతూ "ఊరుకోమ్మా. ఏం వయసు?" అని అడిగింది. నేను రాగం మధ్యలో ఆగి "ఎవరికండీ?" అన్నాను. ఇందాక నన్ను ఆపిన గార్డే పరిగెత్తుకొచ్చాడు, కుర్చీ తెచ్చి నీడలో వేశాడు, తన నీళ్ల సీసా ఇచ్చాడు. ఆ అబ్బాయి మొహంలో రంగు లేదు. తను పోనివ్వనన్నందుకే ఏదో ఘోరం జరిగిపోయిందని అనుకున్నట్టున్నాడు.

మా ఆయన ఒక్కరే నిమ్మళంగా ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, పోగైన జనానికి స్టేజీ పేరు చెప్పినట్టు చెప్పారు.

"ఏం కాలేదు సార్. పలకరించుకుంటున్నారు."

నేను ఆ కుర్చీలో గంటసేపు కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలి మొహానికి తగిలేది. నాకు కావలసినవన్నీ అక్కణ్ణుంచే చూసి రాసుకున్నాను. అక్కా నేనూ పులిహోర తిన్నాం, గార్డుకూ పెట్టాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నవ్వు ఆపుకోలేక నాకు పక్క నొప్పి పుట్టింది. ఆయన మాత్రం ఊరికే ఇచ్చిన కుర్చీలో అంతసేపు కూర్చోవడం పద్ధతి కాదన్నారు.

ఈ ఘట్టం నవలలోకి యథాతథంగా ఎక్కింది. తను అన్న మాట కూడా అందులో చూసుకుని ఆయన మురిసిపోయారు. ఆ పేజీకి మడత పెట్టలేదు, గోరుతో చిన్న టిక్కు పెట్టారు. "ఇప్పుడు బండి దారిలో పడింది. ఇంక తిరుగు ప్రయాణం రాయి" అన్నారు.

నేను తిరుగు ప్రయాణమే రాస్తున్నాను, ఒక్కరికి. మధ్యాహ్నాలు ఆయన బస్టాండులో పాత స్నేహితుల దగ్గరికి వెళ్లినప్పుడు రాసి, కాగితాలు ట్రంకుపెట్టెలో మా అమ్మ అద్దాల లంగా కింద దాచేదాన్ని. ముసలావిడకు కొండ ఊళ్లో జ్వరం తగులుతుంది. అర్థం కాని భాష మాట్లాడే ఆసుపత్రిలో రెండు రోజులుండి పోతుంది. ముసలాయన ఆమె లంగా సంచిలో పెట్టుకుని విమానమెక్కి, ఆఖరి బస్సెక్కి ఒక్కడే తిరువూరు వస్తాడు. రాస్తూ నేనే ఏడ్చాను. నా ఏడుపు చూసి నాకే గర్వమేసింది. లెక్చరర్ గారికి వినిపిస్తే కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. ఇంకేం కావాలి?

ఆయనకు ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. పుస్తకం అచ్చయ్యాక చూసుకుందాంలే అని వాయిదా వేశాను. బస్టాండు పక్కన డీటీపీ కొట్టు నడిపే ఆమెకు ఆ కాగితాలిచ్చి, అయ్యాక నాకే ఫోన్ చేయమని మరీమరీ చెప్పాను. ఆమె ఫోన్ చేయలేదు. కొట్టు ముందునుంచి మా ఆయన పోతుంటే పిలిచి, "సార్, మేడం గారి చివరి చాప్టరు అయిపోయిందండి, పట్టుకెళ్లండి" అని ఇచ్చేసింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు కదా అనుకుంది పాపం.

ఒంటిగంటకు అన్నానికి రావాల్సిన మనిషి మూడున్నరకు వచ్చారు. కాగితాలు బల్ల మీద పెట్టారు. ఒక్క పేజీకీ మడత లేదు. చల్లారిన అన్నం తిని, కంచం కడిగి బోర్లించి, కుండీలకు నీళ్లు పోశారు. రెండు రోజులు అలాగే. అడిగినదానికి ఊఁ, ఊహూఁ. లంబాడీ మనిషి పోట్లాడకుండా ఉన్నాడంటే ఇంట్లో ఊపిరాడదు. మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తూ నేనే బద్దలయ్యాను.

"కథండీ అది. కాగితం మీద ఒక ముసల్ది పోతే, నేను పోయినట్టు మొహం పెట్టుకుంటారేంటి?"

"నువ్వు కాదా అది?" అన్నారు.

గ్లాసు ఆయన ముందు పెట్టాను. ఆ ముసలావిడ మాట, నడక, కోపం, అన్నీ నావేనని ఇద్దరికీ తెలుసు.

"ముసలోడు ఒక్కడే బస్సెక్కి తిరువూరు వచ్చాడని నాలుగు లైన్లలో రాసేశావు. ఒక్కడే రావటం ఎట్టుంటదో నీకు తెలవదు. నాకు తెలుసు. తొమ్మిది రోజులు వచ్చాను."

రెండేళ్ల క్రితం విజయవాడలో నాకు ఆపరేషన్ అయింది. అది కాస్త వికటించి, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాను. అక్కడ ఎవర్నీ ఉండనివ్వరు. ఆయన రోజూ సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చి, పొద్దున్నే మొదటి బస్సుకు మళ్లీ వచ్చేవారని తెలుసు. అంతవరకే తెలుసు. నేను బాగుపడి ఇంటికొచ్చాక ఆ రోజుల గురించి ఆయన ఒక్క మాటా చెప్పలేదు, నేనూ అడగలేదు.

"రోజూ నీ సంచి ఇచ్చేవాళ్లు, చీర అదీ ఉతికి తెమ్మని," అన్నారు కాఫీ గ్లాసులోకి చూస్తూ. "దాన్ని పక్క సీట్లో పెట్టుకుని వచ్చేవాణ్ణి. ఎవరన్నా కూర్చుంటారని."

నేను ఎదురుగా కూర్చున్నాను. "కండక్టరు తీయమనలేదా?" అని అడిగాను.

"అన్నాడు. మనిషి వస్తారని చెప్పాను."

నేను ఆ గదిలోంచి లేచి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. చాలా సిగ్గేసింది. జనాన్ని ఏడిపించాలని నేను సరదాగా రాసుకున్న బస్సులో ఈయన తొమ్మిది సాయంత్రాలు కూర్చుని వచ్చారు. ముప్పై రెండేళ్లు అందరి సంచులూ తీయించిన మనిషి, నాకోసం సీటు ఆపారు. అబద్ధం కూడా ఆడారు, అది నిజమవుతుందో లేదో తెలియకుండానే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. ఆ మాట ఆయనతో అనలేదు గానీ ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ చివరి అధ్యాయం పొయ్యిలో పెట్టాను. లెక్చరర్ గారికి చెబితే, "అయ్యో మేడమ్, నవలకి ప్రాణమే అది" అన్నారు. ప్రాణం కోసమే తీశానండీ అన్నాను. తీయడం తేలిక, ఇంకోటి రాయడమే కష్టమైంది. ముసలివాళ్లిద్దరూ తిరిగొచ్చి వరండాలో కూర్చుని చంద్రుణ్ణి చూసినట్టు ఒకటి రాశాను, చప్పగా ఉంది. తండా అంతా ఊరేగింపుగా ఎదురొచ్చినట్టు రాశాను, సినిమాలా ఉంది. పది రోజులు రాయడం, చింపడం. ఆయన రోజూ కొత్త పేజీ ఏమైనా ఉందా అన్నట్టు బల్ల వైపు చూసి వెళ్లిపోయేవారు.

పదకొండో రోజు పొద్దున లేచి చూస్తే బల్ల మీద గ్లాసు కింద ఒక కాగితం ఉంది. స్కేలు పెట్టి గళ్లు గీసి, డ్యూటీలో రాసే చేతివ్రాతతో నింపిన కాగితం. నిలబడే చదివాను. తర్వాత కూర్చుని ఏడ్చాను, రాగం తీసి మరీ. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, వరండాలో ఉన్న ఆయన్ని ఏమైందని అడిగింది. ఆయన ఏం చెప్పారో నాకు వినపడలేదు. ఆమె మాత్రం నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ కాగితంలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఆఖరి అధ్యాయంగా పెట్టాను. లెక్చరర్ గారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అధ్యాయమేనా మేడమ్?" అని అడిగారు. అవునండీ, నా నవలలో బాగా వచ్చింది ఇదొక్కటేనండీ అన్నాను. అది ఇలా ఉంది.

జ్యూరిక్. ఎక్కినవారు ఇద్దరు. దిగినవారు లేరు.

హైదరాబాదు. విమానం మార్పు. ఒంటికి వెళ్లొచ్చారు. ఇద్దరూ మళ్లీ ఎక్కారు.

గన్నవరం. విమానం దిగి బస్సెక్కారు, ఇద్దరు. గార్డు గుర్తుపట్టాడు.

నూజివీడు. పది నిమిషాలు ఆగింది. టీ తాగారు.

విస్సన్నపేట. చెకింగ్ జరిగింది. కిటికీ పక్క సీట్లో సంచి లేదు. మనిషి ఉంది.

తిరువూరు. ఎక్కినవారు లేరు. దిగినవారు ఇద్దరు. బస్సు ఖాళీ.

రిమార్కులు: దిగినచోట ఏడుపులు వినపడ్డాయి. ఏం కాలేదు. పలకరించుకుంటున్నారు.